మీ ఊరి మనిషిని గేమ్‌లో నడిపించండి

మీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంది. నాకు తెలుసు. అందులో కళ్ళు పెట్టని తల ఒకటి. పిడి లేని కత్తి. భుజం దగ్గరే ఆగిపోయిన సైనికుడు. అన్నీ సగమే. ఒక్కటీ గేమ్‌లోకి వెళ్ళలేదు.

దాన్ని డిలీట్ చెయ్యకండి. దాచుకోండి. కానీ ఇవాళ్టి నుంచి తెరవొద్దు.

ఇక మీ పని ఒక్కటే. 30 రోజులు. ఒకే ఒక్క క్యారెక్టర్. అది మీ ఊరి మనిషి అయ్యుండాలి. ముప్పయ్యో రోజు రాత్రి ఆ మనిషి గేమ్‌లో నడవాలి. చేయగలరా అని నేను అడగడం లేదు. ఎప్పుడు మొదలుపెడుతున్నారని అడుగుతున్నాను.

"కొత్తగూడెంలో కూర్చుని గేమ్ మోడ్స్ ఏంటి సార్? అవన్నీ హైదరాబాద్ వాళ్ళకి, అమెరికా వాళ్ళకి."

ఈ మాట చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు. కొత్తగూడెంలో ఉండటమే మీ బలం. సియోల్‌లో కూర్చున్న ఆర్టిస్టుకి మీకంటే మంచి కంప్యూటర్ ఉంటుంది. కానీ నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చే బొగ్గుగని కార్మికుడు ఆయన వీధిలో ఉండడు. మీ వీధిలో ఉంటాడు. బహుశా మీ ఇంట్లోనే ఉంటాడు.

ముందు ఒక కుర్రాడి సంగతి

కౌంటర్ స్ట్రైక్ ఆడారా? అయితే మిన్ లీ చేతి పని మీరు చూసినట్టే. వియత్నాంలో పుట్టి కెనడాలో పెరిగాడు. సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో చదువుతూనే గేమ్‌లకి క్యారెక్టర్ మోడల్స్ చేసేవాడు. మోడ్ అంటే ఉన్న గేమ్‌ని మార్చి కట్టేది. మొదట క్వేక్ గేమ్‌కి నేవీ సీల్స్ అనే మోడ్ చేశాడు. తర్వాత యాక్షన్ క్వేక్ 2 అనే మోడ్‌కి మోడల్స్ ఇచ్చాడు. 1999లో జెస్ క్లిఫ్‌తో కలిసి హాఫ్ లైఫ్ గేమ్‌ మీద ఇంకో మోడ్ కట్టాడు. అదే కౌంటర్ స్ట్రైక్. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని, సొంత గేమ్‌గా అమ్మకానికి పెట్టింది.

ఇక్కడ మీరు గమనించాల్సింది వాల్వ్‌ని కాదు. ఆ వరసని. మొదటి మోడ్ పూర్తయింది. జనం ఆడారు. రెండోదానికి మోడల్స్ ఇచ్చాడు. అదీ పూర్తయింది. అప్పుడు మూడోది. అతనికి అలవాటైంది మోడలింగ్ ఒక్కటే కాదు. పని ముగించడం.

మీకు కావాల్సిన అలవాటు అదే.

డబ్బులు, కంప్యూటర్, సాకులు

త్రీడీ మోడల్స్ చేసే బ్లెండర్ ఉచితం. 1994లో మొదలైన సాఫ్ట్‌వేర్ అది. తర్వాత దాన్ని నడిపిన కంపెనీ మూతపడితే, వాడుతున్నవాళ్ళే 2002లో ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాన్ని అందరిదీ చేశారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' సినిమా ఈ బ్లెండర్‌లోనే తయారైంది. ఆస్కార్‌కి సరిపోయిన సాఫ్ట్‌వేర్ మీకు సరిపోతుంది.

ల్యాప్‌టాప్ పాతదా? బ్లెండర్ 2.79 వెర్షన్ వేసుకోండి. అది కూడా మొరాయిస్తే బ్రౌజర్‌లోనే నడిచే బ్లాక్‌బెంచ్ ఉంది. బొమ్మలు గీయడానికి క్రిటా, గింప్. అవీ ఉచితమే. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. దానితో పాటు వైరస్ వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, మీ పనిని మీరే ధైర్యంగా ఎవరికీ చూపించుకోలేరు.

సాకులు అయిపోయాయి. ముందుకి వెళ్దాం.

రోజుకి ఒక కట్ట

ఎండాకాలం వస్తే మన అడవి అంచు ఊళ్ళన్నీ తునికాకు సేకరణకి బయల్దేరతాయి. ఒక్కొక్క ఆకు కోసి, పేర్చి, 50 ఆకులు కాగానే ఒక కట్ట కడతారు. ఎవరూ "ఇవాళ మూడ్ లేదు" అనరు. ఎవరూ అడవి మొత్తం ఒకే రోజు కోసెయ్యాలనుకోరు. కట్ట తర్వాత కట్ట.

మీరూ అంతే. రోజుకి 50 నిమిషాలు. 30 రోజులకి 25 గంటలు. మొదటి క్యారెక్టర్‌కి అది చాలు.

మూడు నియమాలు:

ఒకటి, రోజూ అదే టైముకి కూర్చోండి. కరెంటు పోతే కాగితం మీద గీయండి. కట్ట మాత్రం ఆగకూడదు.

రెండు, రోజూ ఫైల్‌ని కొత్త నెంబరుతో సేవ్ చెయ్యండి. కార్మికుడు 01, కార్మికుడు 02, అలా. ఏదైనా పాడైతే నిన్నటికి వెళ్ళొచ్చు. పైగా ఆ నెంబర్లు పెరుగుతుంటే మీ మీద మీకే నమ్మకం పెరుగుతుంది.

మూడు, ట్యుటోరియల్ చూసే టైమ్ ఈ 50 నిమిషాల్లోకి రాదు. చూడటం వేరు, చెయ్యడం వేరు. వీడియో చూస్తే నేర్చుకున్నట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడమే మిమ్మల్ని ఇన్నాళ్ళు ఆపింది.

మొదటి ఐదు రోజులు మౌస్ ముట్టుకోవద్దు

ఇది వినగానే మీకు చిరాకొస్తుంది. అయినా పాటించండి. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే.

మోడలింగ్ అంటే సాఫ్ట్‌వేర్ బటన్లు కాదు. చూపు. బటన్లు నెల రోజుల్లో వస్తాయి. చూపు రోజూ సాధన చేస్తేనే వస్తుంది.

మీ క్యారెక్టర్ సింగరేణి కార్మికుడు అనుకుందాం. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ కనుక్కున్నాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇవాళ దాని హెడ్డాఫీసు మీ ఊళ్ళోనే ఉంది. నూరేళ్ళకి పైగా ఈ నేల మీద బాయి పనికి, అంటే గని పనికి, వెళ్ళొస్తున్న మనిషి ఆయన. ఆయన ఎలా ఉంటాడో చూడకుండా గీయగలరా? ఇప్పుడే కళ్ళు మూసుకుని చెప్పండి. హెల్మెట్ ముందున్న లైటు ఎంత పెద్దది? దాని వైరు ఎటువైపు నుంచి దిగి నడుముకున్న బ్యాటరీకి చేరుతుంది? బూటు మడమ ఎక్కడ అరుగుతుంది?

చెప్పలేకపోయారు కదా. పర్లేదు. ఇప్పుడు చూస్తారు.

బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. గ్యాస్ ఉండే చోటు, నిప్పురవ్వ ప్రమాదం. కాబట్టి లోపలి ఫొటోల కోసం ఎవరినీ ఒత్తిడి చెయ్యకండి. రుద్రంపూర్ కాలనీలో రిటైరైన పెద్దమనుషులు అరుగుల మీద కూర్చుని ఉంటారు. వెళ్ళి నమస్తే పెట్టండి. "తాతా, తట్టా చెమ్మస్ పని చేసినప్పుడు ఎట్ల నిలబడేటోళ్ళు?" అని అడగండి. తట్టలో బొగ్గెత్తి టబ్బులో పోసిన మనిషి ఆ భంగిమని లేచి నిలబడి చూపిస్తాడు. నడుము ఎంత వంగింది, ఏ మోకాలు ముందుంది, మోచేతులు పక్కటెముకలకి ఎంత దగ్గరగా ఉన్నాయి. నోట్‌బుక్‌లో గీసుకోండి. గీత వంకరగా వచ్చినా పర్లేదు. ఆ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఫొటో తీయాలంటే ముందు అడగండి. ఆ మొహాన్నే గేమ్‌లో పెట్టాలనుకుంటే మళ్ళీ అడగండి. వద్దంటే నలుగురైదుగురి మొహాల్లోని పోలికలు కలిపి కొత్త మొహం కట్టండి.

కొమ్ము కోయ కళాకారుణ్ణి చెయ్యాలనుకుంటున్నారా? గొప్ప ఎంపిక. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకల తలపాగా, మెడలో పెద్ద డోలు. ప్రపంచంలో ఏ గేమ్ పక్కన పెట్టినా ఆ రూపం నిలబడుతుంది. అయితే అది వాళ్ళ పండగల, నమ్మకాల రూపం. మీరు కోయ కుటుంబంలోనే పుట్టినా ఇంట్లో పెద్దల్ని అడగండి. కాకపోతే గూడెం పెద్దల దగ్గరికి వెళ్ళి, ఏం చేయబోతున్నారో ఫోన్‌లో చూపించి, సరే అంటేనే మొదలుపెట్టండి. ముఖ్యంగా పడిగెలు. కోయల వంశ గాథలు బొమ్మలుగా ఉండే ఆ జెండాలని మంచి టెక్స్చర్ దొరికిందని క్యారెక్టర్ వీపు మీద అంటించకండి. ఆ గాథల్ని నోట నిలిపిన మనిషి మీ జిల్లావాడే. మణుగూరు వైపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక గాథ నేర్వడానికి ఆయన పెట్టిన శ్రద్ధని తలుచుకుంటే, అనుమతి కోసం ఒక పూట నడవడం మీకు పెద్ద కష్టం కాదు.

ఇక చేతులు కదలాలి

ఆరో రోజు. బ్లెండర్ తెరవండి.

మొట్టమొదట మొహం చెయ్యకండి. అందరూ అక్కడే మునుగుతారు. కన్ను బాలేదని కన్ను, ముక్కు బాలేదని ముక్కు, అలా రెండు వారాలు పోతాయి. ముందు దిమ్మలతో మనిషిని నిలబెట్టండి. తలకో దిమ్మ, ఛాతీకో దిమ్మ, కాళ్ళకి నాలుగు. దూరం నుంచి చూస్తే నల్లటి నీడలా కనబడినా "ఇతను బాయి మనిషి" అని తెలియాలి. నీడలో గుర్తుపట్టలేని క్యారెక్టర్‌ని ఏ టెక్స్చరూ కాపాడదు.

ఆ తర్వాత మెష్, అంటే త్రిభుజాలతో అల్లిన ఒళ్ళు. మొత్తం మూడు వేల త్రిభుజాలు దాటొద్దని మీకు మీరే హద్దు పెట్టుకోండి. మొదటి మోడల్‌కి హద్దే గురువు.

నా మొదటి మోడల్ సంగతి చెప్తాను. నిలబడి ఉన్నప్పుడు బాగుంది. చెయ్యి వంచగానే మోచెయ్యి నలిగి పుల్లలా అయిపోయింది. మూడు రోజులు దాని మొహం చూడలేదు. కారణం చాలా చిన్నది. మోచెయ్యి చుట్టూ ఒకే ఒక్క గీత ఉంది. కీలు దగ్గర కనీసం మూడు చుట్టు గీతలుండాలి. మోచేతికి మూడు, మోకాలికి మూడు. ఈ ఒక్క మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ మూడు రోజులు మిగిలేవి. మీకు మిగిలాయి. వాడుకోండి.

తర్వాత యూవీ. పేరు విని భయపడేవాళ్ళు ఎక్కువ. మీ పాత చొక్కా ఒకటి తీసి కుట్లు విప్పండి. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు, కాలరు. నేల మీద పరిచారా? అదే యూవీ మ్యాప్. బ్లెండర్‌లో సీమ్ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే టైలర్ కుట్టు ఎక్కడ వేశాడో చూడండి. చంక కింద, చేతి లోపలి వైపు. కనబడని చోట. మొహానికి ఎక్కువ జాగా ఇవ్వండి, బూటు అడుగుకి తక్కువ. రెండు చేతులకీ ఒకే ముక్క వాడి జాగా మిగుల్చుకోవచ్చు. మొహానికి మాత్రం అలా చెయ్యొద్దు. ఎడమ బుగ్గ మీది మరకే కుడి బుగ్గ మీదా కనబడితే మనిషి బొమ్మైపోతాడు.

నలుపు నలుపు కాదు

టెక్స్చర్ దగ్గర తొమ్మిది రోజులు ఉండండి. అవును, తొమ్మిది. మీ ఊరు కనబడేది ఇక్కడే.

బొగ్గు అనగానే మీ చెయ్యి సున్నా, సున్నా, సున్నా నలుపు మీదకి వెళ్తుంది. వద్దు. ఆ రంగు మీద గేమ్‌లోని వెలుతురు పని చెయ్యదు. క్యారెక్టర్‌లో కన్నం పడినట్టు ఉంటుంది. 0 నుంచి 255 దాకా ఉన్న కొలతలో 30 కిందకి దిగకండి. ఒక బొగ్గు పెళ్ళ తెచ్చి కిటికీ దగ్గర పెట్టి తిప్పండి. కొత్తగా పగిలిన వైపు మెరుస్తుంది. దుమ్ము పట్టిన వైపు మెరవదు, బూడిద రంగులోకి తిరుగుతుంది. మెరిసేది, మెరవనిది. ఈ తేడాని రాసే పటాన్నే రఫ్‌నెస్ మ్యాప్ అంటారు. పాత గేమ్‌లలో అది ఉండదు, ఆ మెరుపుని రంగులోనే గీయాలి. ఏదైనా ఆ పెళ్ళే మీ పాఠం.

దుమ్ము అంతటా ఒకేలా పట్టదు. మెడ ముడతల్లో నిలుస్తుంది. గోళ్ళ అంచుల్లో నిలుస్తుంది. చెమట కారిన దారి శుభ్రంగా ఉంటుంది. చేత్తో తుడుచుకున్న చోట అడ్డంగా చార పడుతుంది. హెల్మెట్ తీస్తే నుదుటి మీద ఒక గీత, దాని పైన శుభ్రం, కింద నలుపు. ఇవన్నీ మీకు తెలుసు. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. చూసినట్టు మీకే తెలియదు, అంతే.

ఇప్పుడు సైజు. 256, 512, 1024, 2048. ఇలా రెట్టింపవుతూ పోయే సైజులే వాడండి. పక్క రెట్టింపయితే బరువు నాలుగు రెట్లవుతుంది. ట్రాన్స్‌పరెన్సీతో కలిపి 1024 టెక్స్చర్ మెమొరీలో 4 ఎంబీ. 2048 అయితే 16. 4096 అయితే 64. డీఎక్స్‌టీ5 పద్ధతిలో కుదిస్తే అందులో నాలుగో వంతు అవుతుంది. అందుకే "నేను 4కే టెక్స్చర్ పెట్టాను" అని గొప్పలు పోకండి. 512లో ప్రాణం పోయగలిగినవాడే ఆర్టిస్టు. మీ ఫ్రెండ్ పాత కంప్యూటర్‌లో కూడా మీ మనిషి నడవాలి.

నెమలి ఈకలు ఎలా చెయ్యాలని అడుగుతున్నారా? ఒక్కొక్క ఈకనీ మెష్‌గా చెయ్యకండి. రెండు త్రిభుజాల పలక చాలు. దాని మీద ఈక బొమ్మ, చుట్టూ ఖాళీ ట్రాన్స్‌పరెంట్. అలాంటి పలకలు పదో పన్నెండో కోణాలు మార్చి నిలబెట్టండి. ఈక అంచు మెత్తగా రావాలంటే డీఎక్స్‌టీ5 వాడండి. డీఎక్స్‌టీ1లో ప్రతి చుక్కా ఉందా లేదా అన్నదే, మధ్యస్థం ఉండదు. కొమ్ముకి ఎనిమిది ముఖాల వంపు గొట్టం సరిపోతుంది.

తోలుబొమ్మ చెప్పే కిటుకు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకి ప్రసిద్ధి. ఆ ఊరి దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ అందుకున్నారు. తోలుబొమ్మని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. భుజం వేరు ముక్క, ముంజేయి వేరు ముక్క. కీలు దగ్గర ముడి. పుల్ల కదిపితే చెయ్యి లేస్తుంది. కానీ కిరీటం తలతోనే ఉంటుంది, విడిగా ఊగదు.

మోడల్‌కి ఎముకలు కట్టే రిగ్గింగ్ మొత్తం ఇదే. గట్టి వస్తువు ఒకే ఎముకకి కట్టుబడి ఉండాలి. హెల్మెట్, లైటు, కొమ్ములు పూర్తిగా తల ఎముకకి. డోలు ఛాతీ ఎముకకి, చేతికి కాదు. మెత్తటి బట్టకీ చర్మానికీ మాత్రమే రెండు మూడు ఎముకల మధ్య పంపకం. ఆ పంపకాన్నే వెయిట్ అంటారు.

మోడ్ చేసేవాళ్ళకి ఇంకో గట్టి మాట. సొంత అస్థిపంజరం కట్టకండి. గేమ్‌లో ఉన్న క్యారెక్టర్‌ని తెచ్చి, దాని ఎముకల మీదకి మీ మనిషిని సర్దండి. ఎముకల పేర్లు ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. గేమ్‌లోని నడకలన్నీ ఆ పేర్లనే వెతుక్కుంటాయి.

జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఆకారం డీఎఫ్ఎఫ్ ఫైల్‌లో, టెక్స్చర్లు టీఎక్స్‌డీ ఫైల్‌లో ఉంటాయి. బ్లెండర్‌కి డ్రాగన్ ఎఫ్ఎఫ్ యాడ్ ఆన్ వేసుకుంటే డీఎఫ్ఎఫ్ తెరుచుకుంటుంది. అసలు గేమ్ ఫైళ్ళ మీద రాయకండి. మోడ్ లోడర్ పెట్టుకుని మీ ఫైళ్ళు అందులో వెయ్యండి. వద్దనుకుంటే తీసెయ్యొచ్చు.

ఇదంతా ఎక్కువనిపిస్తే మైన్‌క్రాఫ్ట్ స్కిన్‌తో మొదలుపెట్టండి. 64 బై 64. మొత్తం 4096 చుక్కలు. మొహం ముందువైపు 8 బై 8, అంటే 64 చుక్కలే. ఆ 64 చుక్కల్లో బాయి మనిషిని చూపించగలిగితే, మీకు చూపు వచ్చేసినట్టే.

రెండు చోట్ల మాత్రం గట్టిగా వద్దంటున్నాను. బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ గేమ్‌ల ఫైళ్ళు ముట్టుకోకండి. అకౌంట్ పోతుంది. ఇంకో గేమ్ నుంచి లాగిన మోడల్‌ని మీ పేరుతో పెట్టకండి. ఎవరి టెక్స్చర్ అయినా వాడితే, వాళ్ళు ఒప్పుకుంటేనే వాడి, పేరు రాయండి.

ఇంట్లో వచ్చే ప్రశ్న

"ఏం వస్తదిరా ఆ బొమ్మల్తోని?" అని నాన్న అడుగుతారు. వాదించకండి. విసుక్కోకండి. చోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే అని చెప్పొచ్చు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉందని చెప్పొచ్చు. 2016లోనే తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ కోసం ప్రత్యేక పాలసీ తెచ్చిందని చెప్పొచ్చు. అన్నీ నిజాలే. కానీ అంతకంటే బలమైన జవాబు ఒకటుంది. స్క్రీన్ ఆయన వైపు తిప్పండి. "నాన్నా, లైటు వైరు ఎటుంటది? నాకు తెల్వక ఆగిన" అనండి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుంటారు. అప్పటి నుంచి ఆ మోడల్‌కి ఇద్దరు ఆర్టిస్టులు.

మెచ్చుకునేవాళ్ళకి మాత్రమే చూపించకండి. "సూపర్ మామా" అనే ఫ్రెండ్ వల్ల మీ మోడల్ ఒక్క అంగుళం కూడా ముందుకి కదలదు. ముగ్గురికి చూపించండి. గేమ్ ఆడేవాళ్ళలో ఒకరికి, బొమ్మలు గీసేవాళ్ళలో ఒకరికి, బాయి పని చేసినవాళ్ళలో ఒకరికి. "బాగుందా?" అని అడగొద్దు. "ఏది తప్పు?" అని అడగండి. చెప్పింది రాసుకోండి. సమర్థించుకోవద్దు.

ముప్పయ్యో రోజు

రాత్రి గేమ్ తెరవండి. మొదటిసారి మనిషి కనబడకపోవచ్చు. తెల్లగా కనబడితే టెక్స్చర్ పేరు తప్పు. గేమ్ మూతపడితే ఎముకల పేర్లు చూడండి. కాలు నేల మీద ఈడుస్తుంటే తొడ దగ్గర వెయిట్ సరిచెయ్యండి. భయపడకుండా ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి. ప్రతి తప్పుకీ ఒక కారణం ఉంటుంది, ప్రతి కారణమూ మీకు అందుతుంది.

తర్వాత ఆయన నడుస్తాడు. హెల్మెట్ మీద లైటు. మెడ ముడతల్లో బొగ్గు. ఎప్పుడూ కార్లూ తుపాకులే తిరిగిన ఆ వీధిలో, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కొత్తగూడెం మనిషి.

స్క్రీన్‌షాట్లు మూడు తీసుకోండి. గేమ్‌లో నడుస్తున్నది ఒకటి, గీతలు కనబడే మెష్ ఒకటి, టెక్స్చర్ షీట్ ఒకటి. రేపు ఏ స్టూడియో తలుపు తట్టినా వాళ్ళు అడిగేవి ఈ మూడే.

మర్నాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రుద్రంపూర్ వెళ్ళండి. భంగిమ చూపించిన ఆ తాత దగ్గర కూర్చుని చూపించండి. ఆయన ఒక నిమిషం మాట్లాడకపోవచ్చు. తర్వాత వేలుతో స్క్రీన్‌ని తాకి అంటాడు: "బూట్లు ఇంత కొత్తగుండయ్ బిడ్డా."

ఫైల్ పేరు చివర 31 అని మార్చి సేవ్ చెయ్యండి. బూట్ల టెక్స్చర్ తెరవండి.